ఆగిపోయిన బొంత, మిగిలిన 26 గడులు

ప్రశ్న: అమ్మ పోయాక ఆమె నూలు చీరలతో బొంత కుట్టడం మొదలుపెట్టాను. అడుగు చదరం గడులు, అడ్డం 5, నిలువు 7, మొత్తం 35. మూడు పొరలు కలిపి, అరంగుళానికో వరస చొప్పున ప్రతి గడినీ చేత్తోనే కుడుతున్నాను. రెండేళ్లలో తొమ్మిదే అయ్యాయి. ఎనిమిది నెలలుగా సూది పట్టలేదు. రోజూ ఒక గంట కుట్టాలని ఎన్నిసార్లు అనుకున్నా వారం దాటడం లేదు. ఆ సంచి కంటబడితే తప్పు చేసినట్టు ఉంటోంది. నాలో పట్టుదల లేదంటారా?
— ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: మీ ఉత్తరంలో నాకు కనిపించిన లోపం పట్టుదలలో లేదు, లెక్కలో ఉంది. అడుగు చదరంలో అరంగుళానికో వరస అంటే 23 వరసలు. వరసకు అడుగు చొప్పున గడికి 23 అడుగుల కుట్టు, 35 గడులకు 805 అడుగులు. అంగుళానికి ఐదు కుట్లు పడినా మొత్తం 48,300. మొదటి గడి ముందు కూర్చున్నప్పుడు ఎవరూ ఈ లెక్క వేసుకోరు, అమ్మ చీరలైతే అసలే వేసుకోరు. రోజూ గంట అన్న నియమం ఈ కొండను తరిగించదు. గంట గడిచాక గడి సగంలోనే ఉంటుంది, మర్నాడు మళ్లీ ఆ సగం దగ్గరే సూది వెతుక్కోవాలి. మధ్యలో పండగో జ్వరమో వచ్చి నాలుగు రోజులు తప్పితే ఆ నాలుగు గంటలూ బాకీలా నెత్తిన కూర్చుంటాయి. సంచి చూస్తే మీకు కలిగే భావం ఆ బాకీదే. గడియారంతో కాకుండా గడితో ఒప్పందం చేసుకోండి: పదిహేను రోజులకు ఒకటి. ఏ రోజు ఎంత కుట్టారన్నది ఎవరికీ అక్కర్లేదు.

పెద్ద బొంతలు పూర్తి చేసినవాళ్ల పనిలోనూ ఈ గడి లెక్కే కనిపిస్తుంది. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో జేన్ స్టికిల్ అనే ఆవిడ అంతర్యుద్ధం రోజుల్లో కుట్టిన బొంత ఇప్పుడు బెన్నింగ్టన్ మ్యూజియంలో ఉంది. పదమూడేసి గడులు పదమూడు వరసలు, అంటే 169. వాటి చుట్టూ 52 త్రికోణాలు, నాలుగు మూలలకు నాలుగు ముక్కలు. వెరసి 225, దేని నమూనా దానిదే. గడి నాలుగున్నర అంగుళాలకు అటూ ఇటూ. ఒక మూల యుద్ధకాలమనీ, 1863 అనీ, ముక్కలు 5,602 అనీ దారంతో రాసిపెట్టింది. ముక్కల్ని లెక్కపెట్టిన మనిషి దృష్టి దేనిమీద ఉందో చెప్పనక్కర్లేదు. అలబామాలోని గీస్ బెండ్‌లో నల్లజాతి స్త్రీలు కుట్టే ‘హౌస్‌టాప్’ తీరు ఇంకోలా సాగుతుంది: నడుమ ఒక ముక్క, దాని చుట్టూ పట్టీ, ఆ పట్టీ చుట్టూ మరో పట్టీ. ఏ చుట్టు దగ్గర ఆపినా చేతిలో ఉన్నది ఒక నిండు ఆకారమే. మీ బొంతకూ గడులున్నాయి. కాకపోతే 23 అడుగుల కుట్టున్న గడి నాలుగైదు రోజుల్లో తెమిలేది కాదు, అందుకే ఆగడానికి మీకు అనువైన చోటు దొరకలేదు.

కాబట్టి మిగిలిన 26 గడులకు వరసల ఎడం అంగుళానికి పెంచండి. గడికి 11 వరసలు, 11 అడుగులు, అంటే సగం కన్నా తక్కువ. పదిహేను రోజులకు ఒకటి చొప్పున పదమూడు నెలల్లో అయిపోతాయి. ఎడం పెంచితే లోపలి సరుకు ముద్దకడుతుందన్న భయం దూది బొంతల విషయంలో న్యాయమైనదే, విడిదూది జరిగిపోతుంది. మీ లోపలి పొర కూడా చీరే కనుక జరగడానికేమీ లేదు. దబ్బనంతో బారెడు బారెడు కుట్లు వేసిన ఇంటి బొంతలు ఏళ్ల తరబడి ఉతుకులకు ఆగింది ఇందుకే. రెండు రకాల కుట్టు కలిస్తే ఎబ్బెట్టుగా ఉండదా అంటారేమో. చెల్లాచెదురుగా వేస్తే ఉంటుంది. కానీ మీవి తొమ్మిది గడులు: మూడు మూళ్లుగా నడుమ పెడితే పక్కల ఒక్కో వరస, పైనా కిందా రెండేసి వరసలు మిగులుతాయి. ఒత్తుకుట్టు నడిమి పతకంలా, పలచకుట్టు దాని చుట్టూ వాకిలిలా కుదురుతుంది. ఒక్క జాగ్రత్త: ఒత్తుగా కుట్టిన బట్ట ఎక్కువ ముడుచుకుంటుంది. ఆ తొమ్మిదింటిలో చిన్నదాన్ని కొలిచి, కొత్తవాటిని కాస్త పెద్దగా కత్తిరించి, కుట్టడం అయ్యాకే ఆ కొలతకు సరిచెయ్యండి.

ఇదంతా మిషన్ మీద వేస్తే నెలలో తేలిపోతుంది కదా అని ఎవరైనా అనకమానరు. గడుల్ని కలపడానికి మిషన్ వాడండి, తప్పేం లేదు, అతుకులు గట్టిగానూ ఉంటాయి. గడి లోపలి కుట్టు మాత్రం చేత్తోనే వేయమంటాను. పాత నూలు చీర ఎక్కడ చీకిందో మిషన్‌కు తెలియదు, వేలికి తెలుస్తుంది. ఎడం పెంచడమంటే అమ్మ చీరలకు తక్కువ చెయ్యడం అన్న సంకోచం కూడా మీ మనసులో ఉండొచ్చు. సంచిలో మడతలు పడి ఉన్న ఎనిమిది నెలలు ఆ చీరలకు ఏం మేలు చేశాయి? మడత దగ్గరే నూలు ముందు చీకుతుంది.

కొత్త గడి మొదలుపెట్టకముందే, ఈ వారంలోనే, కుట్టిన తొమ్మిదింటినీ కలిపేయండి. రెండు గడుల ముఖాలు లోపలికి పెట్టి అంచు కుట్టి, వెనక కనిపించే అతుకు మీద నూలు అంచు పట్టీ వేయండి. జరీ అంచు వద్దు, ఉతికినప్పుడు గుచ్చుకుంటుంది, ముడతపడుతుంది. సుమారు మూడడుగుల చదరం తయారవుతుంది, పసిపిల్లల పక్కకు సరిపోయేంత. ఇది చాలనిపిస్తే చుట్టూ అంచు కట్టి ఆపేయండి. చాలదనిపిస్తే అంచు కట్టకుండా ఉంచి, పదో గడికి చీర తియ్యండి.