“ముట్టరాదు” అను మాట

మ్యూజియములో నడుగిడినతోడనే మనకు గనబడు హెచ్చరిక “వస్తువులను ముట్టరాదు” అనునది. ప్రాచీనవస్తువుల రక్షణకై యీ నియమ మావశ్యకమే. అయినను, చేతివ్రేళ్లే కన్నులుగా గలవానికి ఈ మాట మూసిన తలుపు వంటిది.

ఈ తలుపును దెఱచుట యెట్లు? 1913వ సంవత్సరమున ఇంగ్లండులోని సండర్లాండు మ్యూజియపు అధికారియగు చార్ల్‌టన్ డీస్ గారు అచ్చటి అంధపాఠశాలా బాలబాలికలను రప్పించి, వస్తువులను ముట్టి చూడనిచ్చిరి. పిల్లలు తాము తడవి తెలిసికొనిన రూపములను పిమ్మట మట్టితో జేసిరి. మన దేశమున ఢిల్లీయందలి జాతీయ మ్యూజియములో 2015వ సంవత్సరమున “అనుభవ్” అను స్పర్శశాల ప్రారంభింపబడెను. అందు ప్రాచీనశిల్పముల ప్రతిరూపములను ముట్టి చూచుట కుంచి, బ్రెయిలీ లిపిలో వివరముల నమర్చిరి. ఇట్లు మూలవస్తువునకు హాని కలుగలేదు. అంధుని కోరికయు దీరెను. మెట్ల ప్రక్కన వాలుదారి, బధిరులకు సంజ్ఞాభాషలో వివరణము మొదలగునవియు నిట్టి యుపాయములే.

అయితే చూడవచ్చువారిని దలచిన మాత్రమున చాలదు. చిత్రించువారినిగూడ దలపవలెను. వినోదవిహారి ముఖర్జీ గారు (1904–1980) పుట్టుకనుండియు ఒక కంట చూపు లేనివారు. రెండవ కంటి చూపును మిక్కిలి మందము. అయినను శాంతినికేతనమున నందలాల్ బోసు గారి శిష్యులై, 1947 నాటికి హిందీభవనపు గోడలపై మధ్యయుగ భక్తుల జీవితములను జిత్రించిరి. అటు పిమ్మట పదియేండ్లకు కంటికి జేసిన శస్త్రచికిత్స ఫలింపక, చూపు పూర్తిగా బోయెను. వారు పని మానలేదు. కాగితములు కత్తిరించి యతికించి చిత్రములు గావించిరి. 1972లో కాల్చిన మట్టిపలకలతో గోడచిత్రమును గూర్చిరి. శిష్యుడగు సత్యజిత్ రాయ్ గారు ఆ యేటనే “అంతర్నేత్రము” అను అర్థముగల పేరుతో వారిపై చలనచిత్రము దీసిరి.

ఇట్టివారి చిత్రములను జాలిచే వ్రేలాడదీయుట గౌరవము గాదు. బాగున్నవి గనుక వ్రేలాడదీయవలెను. చూపు లేదను సంగతిని దాచనక్కఱలేదు, దానినే పెద్దజేయనును అక్కఱలేదు. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టములోని 29వ విభాగము, వికలాంగులగు కళాకారులకు దోడ్పడుటయు, కళలను వికలాంగుల కందుబాటులో నుంచుటయు ప్రభుత్వముల విధిగా నిర్ణయించినది. కావున ఇది దయాధర్మము గాదు, హక్కు.

బాలురారా, బాలికలారా! మీ తరగతిలో వస్తుప్రదర్శనము నేర్పరచునపుడు మూడు ప్రశ్న లడుగుడు: చక్రాల కుర్చీలో గూర్చున్నవానికి బల్లపై వస్తువు కనబడునా? ముట్టి చూడదగిన వస్తు వొక్కటియైన గలదా? మనము పిలువ మఱచిన చిత్రకారు డెవడు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పిన చిన్న బల్లయే మంచి మ్యూజియము.