ఇరవై అయిదు సెకన్లు

మా కలిగిరిలో టెన్నిస్ బంతి తెలియని పిల్లవాడు లేడు. ఆ బంతితో ఆడేది మాత్రం క్రికెట్. అందుకే ట్యూషన్‌లో నేను రష్మిక శ్రీవల్లి గురించి చెబుతానంటే పిల్లలంతా ‘పుష్ప’ సినిమా కథ అనుకుని సంబరపడ్డారు. నేను చెప్పబోయింది భమిడిపాటి రష్మిక శ్రీవల్లి గురించి. హైదరాబాద్ అమ్మాయి, మన దేశం తరఫున టెన్నిస్ ఆడుతోంది.

2025 ఏప్రిల్‌లో పుణేలో బిల్లీ జీన్ కింగ్ కప్ పోటీలు జరిగాయి. అయిదు రోజులు, రోజుకో దేశంతో పోటీ. మొదటి రోజు శ్రీవల్లి తన మ్యాచ్ గెలిచింది, జట్టు మాత్రం న్యూజిలాండ్ చేతిలో ఓడిపోయింది. మనలో చాలామందిమి అలాంటి రాత్రి ఏం చేస్తాం? ‘నేను చేయాల్సింది నేను చేశాను, మిగతావాళ్ల వల్లే పోయింది’ అని తెల్లవార్లూ పొర్లుతాం. మన జట్టు మాత్రం మర్నాడే థాయిలాండ్‌ను ఓడించింది. తర్వాత హాంకాంగ్, చైనీస్ తైపీ, దక్షిణ కొరియా. శ్రీవల్లి అయిదు సింగిల్స్ ఆడి అయిదూ గెలిచింది. ఇండియా ప్లేఆఫ్స్‌కు చేరింది.

ఆ నవంబరులో బెంగళూరులో స్లొవేనియా, నెదర్లాండ్స్ మనవాళ్లను ఓడించాయి. అది కూడా చెప్పాలి. గెలిచిన సంగతులే ఏరి చెబితే పిల్లలకు మనం అబద్ధం నేర్పినట్టే.

ఇప్పుడు అసలు సంగతి. టెన్నిస్‌లో ఒక పాయింటు అయ్యాక తర్వాతి సర్వీసుకు ఇరవై అయిదు సెకన్లు ఇస్తారు. మ్యాచ్ మొత్తంలో బంతి ఆటలో ఉండేది కొంతసేపే, ఎక్కువ కాలం ఈ విరామాల్లోనే గడుస్తుంది. జిమ్ లోయర్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఈ విరామాలనే పట్టుకుని పరిశీలించాడు. మంచి ఆటగాళ్లు ఆ కాస్త సమయంలో ఏం చేస్తారన్నది అతని ప్రశ్న. టీవీలో మీరే చూడండి. పాయింటు పోగానే నెట్‌కు వీపు తిప్పుతారు. రాకెట్‌ను ఎడమ చేతిలోకి మార్చి, తీగలు వేళ్లతో సరిచేసుకుంటారు. చూపు ఆ తీగల మీదే ఉంటుంది, గ్యాలరీ వైపు పోదు. తువ్వాలుతో ముఖం తుడుచుకుంటారు. గట్టిగా ఊపిరి వదిలి, బంతిని నేలకేసి కొట్టుకుంటూ తర్వాతి సర్వీసు ఎటు వేయాలో తేల్చుకుంటారు. అంతే.

ఈ పద్ధతి నన్ను నిలబెట్టింది. మాట పడితే వారం రోజులు నెమరు వేసుకునే మనిషిని నేను. ఒకసారి ఒక తండ్రి గుమ్మంలోనే నిలబడి, “ఏంది సారూ, మీరు చెప్పేదీ అంతే, మావోడు నేర్చుకునేదీ అంతే” అన్నాడు. వెనక ఇరవై మంది పిల్లలు. పాతరోజుల్లో అయితే ఆ సాయంత్రమంతా పాఠం నోట్లోంచి వచ్చేది కాదు. ఆ రోజు బోర్డు వైపు తిరిగాను. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాను, ముందు కుడి అద్దం, తర్వాత ఎడమది. ఊపిరి వదిలాను. ‘తర్వాతి లెక్క ఏది?’ అని నన్ను నేనే అడిగాను. వడ్డీ లెక్క. సుద్ద తీసుకుని మొదలుపెట్టాను. మాట గుచ్చుకోలేదని కాదు, గుచ్చుకుంది. కానీ పాఠం ఆగలేదు.

మీరూ చేయండి. వీపు తిప్పడం, చేతికి ఒక చిన్న పని, ఊపిరి, తర్వాతి పని ఏమిటన్న ఒకే ప్రశ్న. ఈ వరస మార్చకండి. ‘నేనెందుకు ఇలా?’ అనే ప్రశ్న ఆ ఇరవై అయిదు సెకన్లలో అడగనే వద్దు. టెన్నిస్ దిగ్గజం ఫెదరర్ తాను గెలిచిన పాయింట్లు 54 శాతమేనని 2024లో డార్ట్‌మౌత్ కాలేజీ విద్యార్థులకు చెప్పాడు. అంతటివాడికే దాదాపు సగం పాయింట్లు పోతే, మీకు ఒక్కటి పోయినందుకు ఊరంతా తెలిసేలా స్టేటస్ పెట్టడం ఏమిటి? లేవండి!

ఇరవై అయిదు సెకన్లలో తీరని దెబ్బలూ ఉంటాయి. టెన్నిస్ వాటికీ చోటిచ్చింది. కోర్టు అటూ ఇటూ మారేటప్పుడు తొంభై సెకన్లు కూర్చోనిస్తారు, సెట్ ముగిస్తే రెండు నిమిషాలు. ఇంకా పెద్ద దెబ్బకు ఇంకా పెద్ద విరామం కావాలి. సానియా మీర్జా 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్లింది. 2008లో మణికట్టుకు ఆపరేషన్ అయింది. గాయాలు వదలకపోతే 2013లో సింగిల్స్ మానుకుని డబుల్స్ మీదే నిలబడింది. 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. బిడ్డ పుట్టాక 2020లో తిరిగొచ్చి హోబర్ట్‌లో టైటిల్ గెలిచింది. మధ్యలో ఎవరైనా “చాల్లేమ్మా, ఇక ఇంట్లో కూర్చో” అని ఉంటే, ఆమె విని ఉంటే?

మన మెట్ట ఊళ్లలో ఆ మాట ఎంత తేలిగ్గా అంటామో నాకు తెలుసు. ఇంటర్‌లో ఒక సబ్జెక్టు పోతే చాలు, ఆడపిల్లకు సంబంధాలు చూడడం మొదలవుతుంది. మగపిల్లవాడికైతే కావలిలో కోచింగ్. తల్లిదండ్రులారా, ఇది అన్యాయం. ముందు సప్లిమెంటరీ ఫీజు కట్టండి. కట్టి, ఒక వారం ఆ పిల్లను ఏమీ అనకండి. ఆ తర్వాత ఏ సబ్జెక్టు కష్టంగా ఉందో పక్కన కూర్చుని అడగండి.