ఉద్దానం రోడ్లకి నాలుగు లోడ్ల గ్రావెల్

ట్రాఫిక్ ఆగిందంటే మనవాళ్లు మొదట అనే మాట "రోడ్డు వెడల్పు చెయ్యాలి" అని. టెక్కలి, పలాసల మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలైంది. కానీ వజ్రపుకొత్తూరు, మందస వైపు పల్లెల జనం పలాస చేరేది చిన్న రోడ్ల మీదే. జీడిపిక్కల లారీ, కొబ్బరికాయల ట్రాక్టరు, బస్సు, షేర్ ఆటో అన్నీ అక్కడే. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది. డయాలసిస్‌కి వెళ్లేవాళ్లకి ఈ ప్రయాణం వారానికి రెండు మూడుసార్లు తప్పదు. రోడ్డు వెడల్పు అయ్యేదాకా వాళ్లని ఆగమనలేం కదా!

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక వైపు గంటకి 600 బళ్లు వస్తున్నాయనుకోండి, అంటే 6 సెకన్లకి ఒకటి. ముందున్న బస్సు తారు మీదే 30 సెకన్లు ఆగింది. ఎదురుగా బళ్లు వస్తున్నాయి కాబట్టి దాటే వీల్లేదు. బస్సు కదిలాక 2 సెకన్లకి ఒక బండి చొప్పున కదిలితే, ఆ వరుస కరగడానికి 15 సెకన్లు చాలు. అదే గంటకి 1200 బళ్లయితే 60 సెకన్లు పడుతుంది. బళ్లు రెట్టింపయితే వరుస కరిగే సమయం నాలుగింతలైంది! ఈలోగా ముందు ఇంకో ఆటో ఆగితే సంగతి చెప్పక్కర్లేదు.

మన రోడ్ల మీద బళ్లు ఇంత క్రమంగా రావు, నిజమే. అయినా చెయ్యాల్సిన పని తెలుస్తోంది: ఆగే బండిని తారు మీద నుంచి దింపాలి.

1. బెర్ములు గట్టిచెయ్యడం: ఉద్దానంలో చాలాచోట్ల ఇసక నేల. టైరు దిగబడుతుందని డ్రైవరు తారు దిగడు. బళ్లు ఆగే చోట గ్రావెల్ పోసి, రోలరు తిప్పి, తారు అంచుతో మట్టం చెయ్యాలి.

2. బస్టాపు జంక్షన్ దాటాక పెట్టడం: జంక్షన్‌కి ముందు బస్సు ఆగితే పక్కకి తిరగాల్సిన బళ్లూ ఇరుక్కుంటాయి. అడ్డంగా వచ్చేవాళ్లు కనబడరు కూడా.

3. మలుపు లోపలి వైపు తుప్పలు కొట్టడం: ఎదుటి బండి ముందుగానే కనిపిస్తుంది.

4. సరుకు ఎత్తే వేళలు మార్చడం: బడి, ఆసుపత్రి రద్దీ ఉండే పొద్దున్న పూట బజార్లో లారీ నిలపకూడదు.

ఒక్క జాగ్రత్త. ట్రాఫిక్ సాఫీగా సాగడం వేరు, వేగం పెరగడం వేరు. ఊరి నడుమ, బడుల దగ్గర వేగం తగ్గాల్సిందే.

మూలపేట పోర్టు పూర్తయితే టెక్కలి వైపు లారీలు ఇంకా పెరుగుతాయి. అందుకే నేననేది, ఈ సెలవుల్లో మీ ఊరి స్టాపు దగ్గర ఒక గంట కూర్చోండి. ఎన్ని బళ్లు వచ్చాయో, ఏది తారు మీద ఎన్ని సెకన్లు ఆగిందో రాయండి. ఆ కాగితం పట్టుకుని రోడ్లు భవనాల శాఖ ఇంజనీరుగారిని కలవండి. మనం అడిగేది కోట్ల రోడ్డు కాదు కాబట్టి, వినే అవకాశం ఎక్కువ.