ఉచితంగా చేసిన పనికి గడువు ఎక్కడ?

థర్డ్ ఇయర్ దాటిన వాళ్ళలో చాలామందిమి ఎవరికో ఒకరికి డబ్బు తీసుకోకుండా ఏదో ఒకటి చేసిపెట్టే ఉంటాం. మేనమామ స్కూలుకి వెబ్‌సైట్, ఊరి గుడి కమిటీకి చందాల లెక్క, అక్క బొటిక్‌కి ఆర్డర్ల ఫారం. చేసేటప్పుడు సరదాగానే ఉంటుంది. కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. "ఒక్క చిన్న మార్పు" అని ఫోన్ వస్తుంది. ఆర్నెల్లయ్యాక కూడా వస్తుంది. మిడ్ ఎగ్జామ్ ముందు రోజు రాత్రి వస్తుంది. మనం ఎత్తకపోతే ఇంట్లో అమ్మకి వస్తుంది.

ఈ ఫోన్లు ఎందుకు వస్తాయి, దేనికి ఏం జవాబు చెప్పాలి, చుట్టరికం చెడకుండా పనిని ఎలా ముగించాలి అన్నది ఈ వ్యాసంలో చెప్తాను. ఉదాహరణకి నేను చేసిన పనినే తీసుకుంటాను.

మా ఊళ్ళో బాబాయి స్నేహితుడికి టెంట్ హౌస్ ఉంది. కుర్చీలు, షామియానాలు, వంటపాత్రలు అద్దెకిస్తారు. సెకండ్ ఇయర్ సెలవుల్లో ఆయనకి గూగుల్ షీట్స్ మీద ఒక లెక్కల ప్రోగ్రాం రాసిచ్చాను. ఏ ఫంక్షన్‌కి ఎన్ని కుర్చీలు వెళ్ళాయి, ఎన్ని తిరిగొచ్చాయి, ఎవరు ఎంత బాకీ, అన్నీ ఫోన్‌లోనే చూసుకోవచ్చు. పైసా తీసుకోలేదు. ఆయనకి సాయం, నాకు ప్రాక్టీస్.

ఫోన్ ఎందుకు ఆగదు?

సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ సబ్జెక్టులో లేమన్ సూత్రాలు అని చదువుతాం. 1974లో మెయిర్ లేమన్ చెప్పిన మొదటి సూత్రం సారాంశం ఇది: నిజ జీవితంలో వాడే ప్రోగ్రాం మారుతూనే ఉండాలి, మారకపోతే రానురాను పనికిరాకుండా పోతుంది. రెండు మార్కుల ప్రశ్న అనుకుని బట్టీపట్టి వదిలేస్తాం. నాకది టెంట్ హౌస్‌లో అర్థమైంది. శ్రావణమాసం ముహూర్తాల ముందు ఆయన కొత్తగా కూలర్లు కొన్నారు. నా షీట్‌లో కూలర్లకి గడి లేదు. ప్రోగ్రాం పాడవలేదు, షాపు పెరిగింది.

కాబట్టి ఆయనకి ఆశ ఎక్కువై ఫోన్ చేస్తున్నారని అనుకోకూడదు. వాడుతున్నారు కాబట్టే చేస్తున్నారు. ఎవరూ ఫోన్ చేయట్లేదంటే చాలాసార్లు ఆ ప్రోగ్రాం ఎవరూ వాడట్లేదని అర్థం. కానీ దీనికి ఇంకో వైపు కూడా ఉంది. మనం ఎంత మంచి కోడ్ రాసినా ఆ అడగడం దానంతటది ఆగదు. "ఇదొక్కటి చేసిస్తే ఇక అడగరు" అనుకుంటాం చూడండి, ఆ రోజు రాదు. గడువు మనమే పెట్టాలి.

అడిగినవన్నీ ఒకటి కావు

1976లో స్వాన్సన్ అనే పరిశోధకుడు మెయింటెనెన్స్‌ని మూడు రకాలుగా విడదీశాడు: తప్పులు దిద్దడం, బయట మారినదానికి తగ్గట్టు సర్దడం, మెరుగులు దిద్దడం. నేను ఒక నెలపాటు టెంట్ హౌస్ నుంచి వచ్చిన ప్రతి ఫోన్‌నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఈ మూడూ కనిపించాయి. సిలబస్‌లో లేని నాలుగోది కూడా కనిపించింది.

1. ఇస్తానన్నది సరిగా పనిచేయకపోవడం. బాకీ కూడికలో తేడా వస్తే అది నా పూచీ. ఉచితంగా చేశాను కదా అని ఇక్కడ తప్పించుకోకూడదు. ఆ లెక్క నమ్మి ఆయన మనిషి దగ్గర డబ్బు అడుగుతారు.

2. బయట ఏదో మారడం. కొత్త ఫోన్ కొన్నారు, అకౌంట్ మారింది, వాడుతున్న సర్వీసు పాత పద్ధతి ఆపేసింది. ఇందులో తప్పు ఎవరిదీ కాదు. ఒప్పుకున్న గడువు లోపలైతే నేను చూస్తాను. తర్వాత ఎవరు చూడాలో ముందే అనుకోవాలి.

3. కొత్త కోరికలు. "బిల్లు వాట్సాప్‌లో వెళ్ళేలా చెయ్యమ్మా", "మా తోడల్లుడి షాపుకి కూడా ఇలాంటిదే పెట్టమ్మా". ఇవి సపోర్ట్ కాదు, కొత్త పని. కొత్త పనికి మళ్ళీ కొత్తగా మాట్లాడుకోవాలి: చేస్తామా లేదా, ఎప్పుడు, ఎంతకి.

4. మన ప్రోగ్రాంతో సంబంధం లేనివి. ప్రింటర్ రావట్లేదు, పాస్‌వర్డ్ మర్చిపోయారు, వైఫై స్లో. నా నోట్‌బుక్‌లో అన్నిటికన్నా ఎక్కువ ఇవే ఉన్నాయి.

ఇలా రాసుకున్నాక తలనొప్పి సగం తగ్గింది. నాలుగో రకానికి కోడ్ అక్కర్లేదు, మనిషి కావాలి. షాపులో పనిచేసే కుర్రాడికి ఒక సాయంత్రం కూర్చుని నేర్పించాను. తరచూ వచ్చే సమస్యలు, వాటికి ఏం చెయ్యాలో తెలుగులో ఒక పేజీ రాసి కౌంటర్ పక్క గోడకి అంటించాను. ఆ తర్వాత ప్రింటర్ ఫోన్లు దాదాపు ఆగిపోయాయి.

చట్టం ఎంతవరకు?

కొందరికి ఒక భయం ఉంటుంది: చేసిచ్చాం కాబట్టి జీవితాంతం చూడాల్సిందేనా? 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదు. అంటే మాటవరసకి "చూసుకుంటాలెండి" అన్నంత మాత్రాన కోర్టు దాన్ని మామూలుగా ఒప్పందంగా చూడదు. అలాగే 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగంలో భాగంగా రాయడం లాంటి సందర్భాలు తప్పిస్తే, కోడ్ రాసినవాళ్ళే దానికి మొదటి హక్కుదారులు. అందుకని వదిలి వెళ్ళేటప్పుడు "దీన్ని మీరు వాడుకోవచ్చు, వేరేవాళ్ళతో మార్పించుకోవచ్చు" అని రాసివ్వడం మంచిది. లేకపోతే రేపు ఇంకో కుర్రాడు దాన్ని ముట్టుకోవడానికి సందేహిస్తాడు.

చట్టం గురించి ఇంతకన్నా అవసరం లేదు. బాబాయి స్నేహితుడి మీద ఎవరం సెక్షన్లు చదవం కదా. మనల్ని కట్టిపడేసేది చట్టం కాదు, మొహమాటం.

మొహమాటం, చదివింపుల పుస్తకం

"మనవాళ్ళ మధ్య రాసుకోవడాలేంటి" అంటారు. కానీ మన పెళ్ళిళ్ళు చూడండి. చదివింపుల దగ్గర ఒకాయన పుస్తకం పెట్టుకుని కూర్చుంటాడు. ఎవరు ఎంత చదివించారో పేరుతో సహా రాస్తాడు. అది చూసి ఎవరూ నొచ్చుకోరు. రేపు వాళ్ళింట్లో పెళ్ళయితే ఆ పుస్తకం తీసి చూసుకునే వెళ్తాం. పొలాల్లో ఒకరి చేనుకి ఒకరు పనికి వెళ్ళేవాళ్ళు కూడా ఎవరు ఎన్ని రోజులు వచ్చారో గుర్తుపెట్టుకుంటారు. సాయానికి లెక్క ఉండటం మన పద్ధతే. తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే అన్న సామెత ఊరికే పుట్టలేదు.

కాబట్టి పని మొదలుపెట్టే ముందే వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ చాలు. నేను టెంట్ హౌస్ అంకుల్‌కి పంపింది దాదాపు ఇలా ఉంటుంది:

"అంకుల్, కుర్చీలు, సామాన్ల లెక్క, బాకీల లెక్క చేసిస్తాను. డబ్బు వద్దు. ఇచ్చాక మూడు నెలలు ఏ తేడా వచ్చినా నేనే సరిచేస్తాను. తర్వాత నాకు ఫైనల్ ఇయర్, ప్లేస్‌మెంట్లు ఉంటాయి కాబట్టి చూడలేను. ఈలోగా మీ షాపు కుర్రాడికి అన్నీ నేర్పిస్తాను."

ఆయన ఒక బొటనవేలు గుర్తు పెట్టారు, అంతే. తర్వాత ఏ ఫోన్ వచ్చినా నాకు నిలబడటానికి ఆ మెసేజే ఆధారమైంది.

గడువు లేకపోతే ఏమవుతుంది?

ఇది మన ఊరి సమస్య మాత్రమే కాదు. ఎక్స్‌జెడ్ యుటిల్స్ అని ఫైళ్ళని కుదించే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది, చాలా లినక్స్ సిస్టమ్‌లలో వాడతారు. దాన్ని ఏళ్ళ తరబడి ముఖ్యంగా ఒక్క మనిషే, జీతం లేకుండా చూసుకున్నాడు. 2022లో కొందరు "అప్‌డేట్లు ఎందుకు ఆలస్యం, ఇంకొకరికి అప్పగించు" అని ఒత్తిడి పెట్టారు. ఇది జీతం లేని హాబీ ప్రాజెక్టని, తన మానసిక ఆరోగ్యం కూడా బాగోలేదని ఆయన చెప్పుకున్నాడు. చివరికి సాయం చేస్తానని వచ్చిన ఒక ముక్కూమొహం తెలియని వ్యక్తికి పని పంచాడు. ఆ వ్యక్తి 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాడు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఒక ఇంజినీరు అనుమానపడి తవ్వితే మార్చి నెలాఖరులో అది బయటపడింది.

అలసిపోయిన మనిషి ఎవరు చెయ్యి చాచినా తాళాలు ఇచ్చేస్తాడు. మన టెంట్ హౌస్‌కి అంత ప్రమాదం లేకపోవచ్చు. కానీ విసుగొచ్చి ఫోన్ ఎత్తడం మానేస్తే, పాత కాగితం పుస్తకం ఎప్పుడో మానేసిన ఆయన ముహూర్తం రోజున 400 కుర్చీలకి లెక్క తెలియక నిలబడతారు. మాయమైపోవడం కూడా నష్టం చేయడమే.

తాళాలు అప్పగించడం

అందుకని చివరి రోజు పనిని కూడా పనిలాగే చెయ్యాలి. నేను పాటించిన జాబితా ఇది:

- అకౌంట్లన్నీ వాళ్ళ పేరు మీద, వాళ్ళ మెయిల్, వాళ్ళ ఫోన్ నంబరుతో ఉండాలి. ఓటీపీ మన ఫోన్‌కి వచ్చినంతకాలం పని మనదే. కాలేజీ మెయిల్ మీద మాత్రం ఏదీ పెట్టకండి, మనం వెళ్ళాక అది ఉంటుందన్న నమ్మకం లేదు.
- గూగుల్ యాప్స్ స్క్రిప్ట్‌లో మనం పెట్టుకునే ట్రిగ్గర్లు ఎవరు పెడితే వాళ్ళ అకౌంట్ మీదే నడుస్తాయి. ఫైల్ ఇచ్చేస్తే సరిపోదు, వాళ్ళ అకౌంట్‌లోంచి మళ్ళీ పెట్టాలి.
- వెబ్‌సైట్ అయితే డొమైన్ రెన్యువల్ తేదీ క్యాలెండర్ మీద రాయించాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ లాంటివి తక్కువ కాలానికే అయిపోతాయి, అవి వాటంతటవే రెన్యూ అవుతున్నాయో లేదో ఒకసారి కళ్ళారా చూడాలి.
- డేటా కాపీ ఎలా తీసుకోవాలో వాళ్ళ చేతే ఒకసారి చేయించాలి. మనం చేసి చూపిస్తే గుర్తుండదు.
- ప్రోగ్రాం ఆగిపోయిన రోజున కాగితం మీద ఎలా నడపాలో కూడా చెప్పాలి.
- అన్నీ అయ్యాక మన లాగిన్ మనమే తీసేయాలి. రేపు లెక్కల్లో ఏ గొడవ వచ్చినా మన పేరు అందులో ఉండదు.

గడువు తర్వాత ఫోన్ వస్తే

వస్తుంది. అప్పుడు "చూస్తాను" అనకండి. ఇష్టం లేని పనికి మన భాషలో ఉన్న అతి ప్రమాదకరమైన మాట అదే. అవతలివాళ్ళు దాన్ని ఒప్పుకోలుగా తీసుకుంటారు, రోజూ ఎదురుచూస్తారు. వాళ్ళకి మన "కాదు" కన్నా ఆ ఎదురుచూపే ఎక్కువ బాధ.

బిల్లు వాట్సాప్‌లో పంపాలని అడిగినప్పుడు నేను చెప్పిన మాటలు ఇవి: "అంకుల్, ఇది మంచి ఆలోచనే. కానీ కొత్త పని, ఈ సెమిస్టర్ నేను చేయలేను. మా జూనియర్ ఒకరు ఇలాంటివి డబ్బు తీసుకుని చేస్తారు. కావాలంటే మాట్లాడిస్తాను, ఎంతో మీరిద్దరూ అనుకోండి." ఆయన ఒక్క క్షణం ఆగి, "ఎంతడుగుతాడమ్మా?" అన్నారు. అక్కడితో మా మధ్య విషయం సాయం నుంచి బేరానికి మారింది. ఇద్దరికీ మొహమాటం పోయింది. జూనియర్‌కి మొదటి సంపాదన వచ్చింది.

ఇప్పుడు మీ ఫోన్‌లో ఇలాంటి అంకుల్ నంబరు ఒకటి ఉండి, ఎత్తాలంటే గుండె జారుతుంటే, ఈ ఆదివారం మీరే ఫోన్ చెయ్యండి. ఏ తేదీ వరకు చూస్తారో చెప్పండి. ఆ తేదీలోపు తాళాలు అప్పగించండి.