ప్రశ్న వేసిన పిమ్మట

తరగతిలో ప్రశ్న వేసిన ఉపాధ్యాయుడు జవాబు కొఱకు ఎంతసేపు వేచియుండును? మనలను అడిగినచో "కావలసినంత సేపు" అనియే చెప్పుదుము. అమెరికాలో విజ్ఞానశాస్త్ర బోధనపై పరిశోధన చేసిన మేరీ బడ్ రో అను విదుషి 1974లో ప్రకటించిన వ్యాసము ఈ నమ్మకమునకు విరుద్ధముగా నున్నది. తరగతులలో టేపుపై నమోదు చేసిన 300కు పైగా పాఠములను ఆమె పరిశీలింపగా, ఆ వ్యవధి సగటున ఒక్క సెకండు మాత్రమే యని తేలినది. అంతలో పిల్లవాడు నోరు విప్పనిచో ప్రశ్నను మరల చెప్పుటయో, మఱియొకనిని అడుగుటయో జరుగుచుండెను.

ఒక్క సెకండులో బాలు డేమి యాలోచింపగలడు? మన తెలుగు పాఠమునే తీసికొందము. "సూర్యోదయము" అను పదమునందలి సంధి యేదని అడిగితిమి. వాడు పదమును విడదీయవలెను. అకారమునకు ఉకారము పరమైనదని గ్రహింపవలెను. సూత్రమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. అటుపైని "గుణసంధి" యని పలుకుటకు ధైర్యము కూడగట్టుకొనవలెను. ఈలోగా ముందు బల్లపై నున్న చురుకైనవాడు చెప్పివేయును. వెనుక బల్లవానికి సంధులు రావని మనము తలచెదము. నిజమునకు వాడు సగము దారిలో నుండెను. నెల దినము లిట్లు జరిగినచో వాడు ప్రయత్నించుటయే మానుకొనును. అట్టివానికి మనము పెట్టు పేరు "మొద్దు".

ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చి ఈ వ్యవధిని 3 నుండి 5 సెకండ్లకు పెంచిన తరగతులలో జవాబులు దీర్ఘములైనవి. బదులు లేక మిన్నకుండుట తగ్గినది. పిల్లలు తామే ప్రశ్నలు వేయసాగిరి. మందగతి గలవారని పేరుపడిన పిల్లలు మునుపటికంటె హెచ్చుగా మాటలాడిరి. ఈ చివరి ఫలితమే నాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచుచున్నది.

జవాబు విన్న పిమ్మట కూడ ఇట్టి విరామము కావలెనని ఆమె చెప్పినది. వెంటనే "భేష్" అనుట మన వాడుక. మెప్పు దోషమా యని కొందఱు అడుగవచ్చును. మాటిమాటికి మెప్పు వినుచుండు పిల్లలు జవాబు చెప్పుచునే గురువు ముఖమువైపు చూచుచుందురని ఆమె గమనించినది. అప్పుడు వారి దృష్టి పాఠమును విడిచి మన కనుబొమలపై నిలుచును.

ఎక్కములకు, పద్యము అప్పగించుటకు ఈ నిరీక్షణ అనవసరము. అచ్చట తడవుకొనకుండుటయే అభ్యాసమునకు గుర్తు. ఆలోచన కోరు ప్రశ్నలకే ఇది వర్తించును. మొదట ప్రశ్న నడిగి, ఆగి, పిమ్మట పేరు పిలువవలెను. పేరు ముందు పిలిచినచో తక్కినవారందఱు నిశ్చింతగా కూర్చుందురు. మనసులో మెల్లగా మూడంకెలు లెక్కించుకొనుట సులభోపాయము. 60 మంది గల తరగతిలో ఆ నిశ్శబ్దము మొదట దుర్భరముగనే యుండును. తనిఖీ అధికారి వచ్చిన దినమున మఱింత దుర్భరము. అయినను 45 నిమిషముల పీరియడులో 20 ప్రశ్నలకు మూడేసి సెకండ్ల చొప్పున ఆగినచో వ్యయమగునది ఒక్క నిమిషమే.