సీ భాషయందలి స్థిరరాశులు

గణితమున చలరాశులనియు స్థిరరాశులనియు రెండు తెగలు కలవని మన విద్యార్థులెల్లరు నెరుగుదురు. 1970వ దశాబ్ది ప్రారంభమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు డెనిస్ రిచీ నిర్మించిన సీ అను కంప్యూటరు భాషయందును ఈ భేదము కలదు. ప్రోగ్రాములో మనము నేరుగా వ్రాయు విలువకు లిటరల్ అని పేరు. 35 అని వ్రాసినచో అది ఎల్లప్పుడును 35 మాత్రమే.

ఇంతమాత్రమునకు పాఠమేల యని కొందరికి తోచవచ్చును. వ్రాసిన తీరునుబట్టి విలువయొక్క జాతి నిర్ణయమగుటయే ఇందలి చిక్కు. 3 అనునది పూర్ణాంకము, 3.0 అనునది డబుల్ అను దశాంశ జాతిలోనిది. మనకు రెండును ఒక్కటే, యంత్రమునకు కావు.

నేనొకప్పుడు మార్కుల సరాసరి కట్టుటకై ఒక ప్రోగ్రాము వ్రాసితిని. ఒక బాలునికి మూడు పరీక్షలలో 34, 35, 35 వచ్చినవి. మొత్తము 104ను 3చే భాగింపుమనగా జవాబు 34 అని వచ్చినది. పూర్ణాంకమును పూర్ణాంకముచే భాగించునపుడు సీ భాష శేషమును విడిచిపెట్టును. 3.0 అని వ్రాసియుండినయెడల ఇంచుమించు 34.67 వచ్చెడిది, దానిని సమీప పూర్ణాంకమునకు సవరించిన 35, అనగా ఉత్తీర్ణత. జాబితా గోడకెక్కకమునుపే చేతిలెక్కతో సరిచూచితిని గనుక సరిపోయినది. లేనియెడల ఆ బాలుని తండ్రికి నేనేమని చెప్పుకొందును?

హాజరుపట్టీలో 010 అని వ్రాసిన పదియే యగును. సీలో అట్లు గాదు. ముందు సున్నయున్న పూర్ణాంకము ఎనిమిది మూలముగా గల లెక్కలోనిది. కావున 010 విలువ 8. ఆ లెక్కలో 8 అను అంకెయే లేదు గనుక 08 అని వ్రాసినచో కంపైలరు తప్పుపట్టును. 010 విషయమున మాత్రము పల్లెత్తు మాట యనదు, అదియే భయంకరము. ముందు 0ఎక్స్ ఉన్నచో మూలము పదునారు: 0ఎక్స్10 అనగా 16.

అక్షరమును ఒంటి ఉద్ధరణ చిహ్నములలో వ్రాయుదురు. ఆస్కీ పట్టికనుబట్టి ఆంగ్లపు పెద్ద 'ఏ' విలువ 65. జంట చిహ్నములలో "ఏ" అని వ్రాసిన అది మాల. అంతమును తెలుపు సున్నతో గూడి రెండు బైట్ల చోటు తీసికొనును.

ఉత్తీర్ణతకు 35 అని పదిచోట్ల వ్రాసి, పిమ్మట నియమము మారినపుడు తొమ్మిదిచోట్ల దిద్దుట మానవ స్వభావము. కావున ఆ విలువకు కాన్‌స్ట్ అను మాటతోగాని డిఫైన్ అను ఆజ్ఞతోగాని ఒక పేరు పెట్టవలెను. కాన్‌స్ట్ అని ప్రకటించినదానికి పిదప వేరు విలువనిచ్చినచో కంపైలరు అడ్డగించును. డిఫైన్ పంక్తి చివర సెమీకోలను పెట్టరాదు. పెట్టినచో ఆ పేరు వాడిన ప్రతిచోటను అదియు వచ్చి కూర్చుండును.