ఫీజు కట్టేముందు లాగ్ చదివించండి

మిర్చి టిక్కీలు గుంటూరు యార్డులో అమ్ముడుపోయి డబ్బు చేతికందే రోజుల్లో, సత్తెనపల్లి తండ్రులు నన్ను అడిగేది ఒకటే: “మావాణ్ని అమీర్‌పేట పంపితే జావా ఫుల్‌స్టాక్ నేర్చుకుని ఉద్యోగంలో పడతాడంటగా?” పక్క చేలో మిర్చికి రేటొచ్చిందని కాపు మీదున్న పత్తిని పీకేస్తామా? పిల్లల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ పనే చేస్తున్నాం.

ఆ కోర్సు చేసొచ్చిన కుర్రాడొకడు మొన్న లాప్‌టాప్‌తో వచ్చాడు. టామ్‌క్యాట్ సర్వర్‌ను చేత్తో స్టార్ట్ చేస్తే అతని వెబ్‌సైట్ చక్కగా తెరుచుకుంటోంది. లైనక్స్‌లో సర్వీసుగా పెడితే ఎర్రరొస్తోంది. “మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తానండీ” అన్నాడు. ముందు లాగ్ తెరవమన్నాను. ప్రోగ్రాము క్లాస్ వెర్షన్ 61, నడిపే జావాకు 52 వరకే తెలుసు అని అందులోనే ఉంది. 61 అంటే జావా 17. 52 అంటే జావా 8. లాప్‌టాప్‌లో రెండూ ఉన్నాయి. కొత్త జావా దారిని అతను తన బాష్ ఫైల్లో రాసుకున్నాడు. సర్వీసు ఆ ఫైలు చదవదు కాబట్టి పాత జావాను పట్టుకుంది. సర్వీసు ఫైల్లో జావా హోమ్ దారి ఒక్క వరుస రాసి, సిస్టమ్‌డీని రీలోడ్ చేసి, సర్వీసు రీస్టార్ట్ చేస్తే పేజీ తెరుచుకుంది. నెలల తరబడి ఫీజు కట్టిన కోర్సులో లాగ్ ఎక్కడుంటుందో ఒక్కరూ చెప్పలేదట!

ఇలాంటి పొంతన కుదరని జతలు ఇంకా ఉన్నాయి. టామ్‌క్యాట్ 9కి రాసిన సర్వ్‌లెట్లను 10లో ఉన్నవి ఉన్నట్టు పెడితే నడవవు. జావాఎక్స్ అన్న ప్యాకేజీ పేరు అక్కడ జకార్తా అయింది. విండోస్‌లో 64 బిట్ జావా 32 బిట్ డీఎల్ఎల్‌ను లోడ్ చేయదు. ఇవి పట్టుకోగలిగినవాడికి సర్వర్ సపోర్టులో చోటుంటుంది. నా ఓటు ఆ దారికే. అది చిన్న ఉద్యోగమని మూతి విరిచే బంధువుల మాట వినకండి.

అర్హతంటారా, బీఎస్సీ కంప్యూటర్స్, బీసీఏ, బీటెక్ ఏదైనా మొదలుపెట్టడానికి చాలు.

ఇక ఖర్చు. కోర్సు ఫీజు ఒక్కటే అనుకుంటారు. హాస్టలు, మెస్సు దానికి తోడు. అది చాలక “ఇంత కడితే ఎక్స్‌పీరియన్స్ లెటరు ఇప్పిస్తాం, బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తాం” అనేవాళ్లు తగులుతారు. దొంగ లెటరు వెరిఫికేషన్లో దొరికితే ఉద్యోగమూ పోతుంది, పేరూ పోతుంది. అప్పు మాత్రం మిగులుతుంది. “నీకోసం ఇంత ఖర్చుపెట్టాం” అని పొద్దస్తమానం దెప్పితే, పిల్లలు ఆ దొంగదారే తొక్కుతారు.

లైనక్స్, ఓపెన్‌జేడీకే, టామ్‌క్యాట్ మూడూ ఉచితం. ఎన్‌పీటెల్ పాఠాలూ ఉచితమే. పాత లాప్‌టాప్‌లో రెండు జావాలు పెట్టి, కావాలని సర్వీసును చెడగొట్టి, లాగ్ చూసి బాగుచేయండి. ప్రతి తప్పునూ, దాని విరుగుడునూ నోటుబుక్కులో రాసుకోండి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఫీజు కట్టేముందు ఆ నోటుబుక్కు అడిగి చూడండి. అది నిండేదాకా అమీర్‌పేట బస్సు ఎక్కించకండి.